కనెక్షన్ మానుకొన్న తరువాత వచ్చిన బిల్లు



పావగడ తాలూకా వల్లూరు వంటి మన గ్రామాలలో ఇంటి మాట తెలుగు. ఆఫీసు కాగితము కన్నడము. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు ఇంగ్లీషు. కుమారుడు తన పేరున కనెక్షన్ పెట్టించి, పనికై బెంగళూరు వెళ్ళుచు దానిని మానుకొన్నాడనుకొనండి. రెండు నెలల తరువాత, ఇంటనున్న ముసలి తలిదండ్రులకు పెద్ద మొత్తముతో నోటీసు వచ్చును. వారు భయపడి చెల్లించెదరు, లేక కాగితమును మూలను పడవేసెదరు. ఈ రెండును సరికావు.

1. ఏ రుసుమో తెలిసికొనుడి

ఇట్టి బిల్లులలో సాధారణముగా కనబడునవి ఇవి: మోడెము తిరిగి ఇవ్వలేదని దాని వెల, గడువు ముగియకముందే మానుకొన్నందుకు, మొదట మాఫీ చేసిన బిగింపు ఖర్చు, మానుకొన్న తేదీ తరువాతి నెలల అద్దె. ప్రతి పద్దునకు ఆధారము వ్రాతమూలముగా అడుగవలెను. మనము సంతకము చేసి ఒప్పుకొన్నది అందులో ఉన్నయెడల అది న్యాయమైన బాకీయే. దానిని చెల్లించి, మిగిలిన దానిమీదనే వాదించవలెను.

2. ముందుగా భద్రపరచవలసినవి

మానుకొనుచున్నామని వ్రాసిన ఉత్తరము నకలు, దాని తేదీ, మోడెము అప్పగించిన రసీదు, దానిపై మోడెము నంబరు, చివరి బిల్లు. రసీదు లేకుండ మోడెమును ఎవరి చేతికిని ఇయ్యవద్దు. బ్యాంకు ఖాతా నుండి సొమ్ము తనంతట తానే కోతపడు ఏర్పాటుంటే దానిని కూడ రద్దు చేయించవలెను.

3. ఫిర్యాదు మెట్లు

మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి డాకెట్ నంబరు తీసికొనవలెను. 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన నిబంధనల ప్రకారము, జవాబు తృప్తికరముగా లేకున్నను, గడువులోగా రాకున్నను, 30 దినములలోపల అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. దీనికి రుసుము లేదు; 39 దినములలో తీర్పు చెప్పవలెను. ట్రాయ్ స్వయముగా ఒక్కొక్కరి తగవు తీర్చదు గనుక అక్కడికి వ్రాసి కాలము పోగొట్టుకొనవద్దు.

డిపాజిట్టు సంగతి కూడ మరువవద్దు. 2024 అక్టోబరు 1 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, కనెక్షన్ మూసిన తరువాత 45 దినములలో దానిని తిరిగి ఇయ్యవలెను.

4. అప్పటికిని తీరనిచో

జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. దాని తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. వల్లూరు వారికి అది తుమకూరు. మనము చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనప్పుడు ఫిర్యాదు రుసుము లేదు. కారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలోపల వేయవలెను.

“టెలిఫోను తగవులు అక్కడ చెల్లవు” అని ఎవరైనను చెప్పిన నమ్మవద్దు. 2009లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పువలన అట్టి అభిప్రాయము ఉండెను. అయితే అహ్మదాబాదులో సగటున నెలకు 555 రూపాయలు కట్టుచుండిన ఒక వినియోగదారునికి, 2013లో ఒక్క నెలకే 24,609 రూపాయల పైచిలుకు బిల్లు వచ్చెను. ఆయన వేసిన ఫిర్యాదుపై 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు, ఇట్టి తగవులను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని తేల్చినది. ఒక్క బిల్లు విషయమై పట్టు విడువని మనిషి వలన దేశమంతటికి దారి తెరువబడినది.

చర్చించుకొనుటకు

1. మీ ఇంటి కనెక్షన్ ఎవరి పేరున ఉన్నది? ఒప్పందపు కాగితము ఎక్కడ ఉన్నది?
2. మనము ఒప్పుకొన్న బాకీకిని, మనపై మోపిన బాకీకిని భేదమేమి?
3. మన సంఘములో కన్నడము, ఇంగ్లీషు చదువగల యౌవనస్థులు ఎవరు? నెలకొక సాయంకాలము పెద్దల బిల్లులు చదివి చెప్పగలరా?