వంశం గురించి ఒక ఉత్తరం

ఆకివీడు,
పశ్చిమ గోదావరి జిల్లా.

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన మాటలు నా మనసులో మెదులుతూనే ఉన్నాయి. బంధువులెవరో "మీ పుట్టింట్లో అందరికీ షుగరే కదా, రేపు నీ బిడ్డకూ తప్పదు" అన్నారన్నావు. ఆ వారంలోనే స్నేహితురాలొకామె "తల్లి తిన్నదీ తలచిందీ బిడ్డ జన్యువుల మీద ముద్ర పడిపోతుంది, ఏడు తరాలు వెంటాడుతుంది" అని భయపెట్టిందన్నావు. ఒకరి లెక్కలో నీ చేతిలో ఏమీ లేదు, ఇంకొకరి లెక్కలో భారమంతా నీదే. ఇద్దరి మాటా నిజం కాదమ్మా. బిడ్డ కోసం చూస్తున్న వేళ ఇలాంటి మాటలు మనసులో పెట్టుకుని కుమిలిపోకూడదు. ఇన్నేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని గనక, తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను. అల్లుడుగారూ నువ్వూ కూర్చుని చదవండి.

మన ఒంట్లో దాదాపు ఏ కణం చూసినా ఒకే డీఎన్ఏ ఉంటుంది. 300 కోట్ల పైచిలుకు అక్షరాల రాత అది, అందులో జన్యువులు సుమారు 20 వేలు. కంట్లో ఉన్న రాతే కాలేయంలోనూ ఉంది. అయినా కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా పనిచేస్తున్నాయంటే, ఎక్కడ ఏ జన్యువు పలకాలి, ఏది మౌనంగా ఉండాలి అనే ఏర్పాటు ఒకటి ఉందన్నమాట. మన డెల్టా సంగతి నీకు తెలుసు. కాలువ నీరు ఊరందరిదీ, కానీ ఏ చేనుకు ఎంత పారాలో తూము తలుపు తేలుస్తుంది. డీఎన్ఏ మీద ఆ తలుపుల పని చేసే గుర్తులలో ముఖ్యమైనది మిథైల్ గుంపు. ఒక కార్బనూ మూడు హైడ్రోజన్లూ కలిసిన చిన్న ముక్క అది. జన్యువు మొదట్లో అది వచ్చి అతుక్కుంటే చాలాసార్లు ఆ జన్యువు మూగపోతుంది, తొలగితే పలుకుతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రొటీన్ల మీద కూడా ఇలాంటి గుర్తులు పడతాయి. రాతలో ఒక్క అక్షరం మారకుండానే పనితీరును మార్చే ఈ ఏర్పాటును చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఆ పేరును 1942లో వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు.

దీనికి సాక్ష్యం మన నీళ్లలోనే ఈదుతోంది. చిన్నప్పుడు నువ్వు ఇష్టంగా తిన్న పండుగప్ప మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. దాని డీఎన్ఏ మారదు. మగచేపగా ఉన్నప్పుడు మగ లక్షణాలు నడిపే డీఎంఆర్‌టీ1 జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా, ఆడ లక్షణాలకు కావలసిన సీవైపీ19ఏ1 జన్యువు మీద ఎక్కువగా ఉంటాయి. ఆడచేపలో ఇది తలకిందులవుతుంది. 2018లో శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రచురించారు. పుట్టుకతో వచ్చిన రాత ఒక్కటే ప్రాణి జీవితాన్ని తేల్చదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ మిథైల్ గుంపులు ఎక్కడినుంచి వస్తాయి? తిండి నుంచే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్, చేపలు, గుడ్లు, పాలలో ఉండే బి12 విటమిన్ కలిసి పనిచేస్తే శరీరం వాటిని తయారుచేసుకుని డీఎన్ఏకి అందిస్తుంది. ఫోలేట్ మాట వస్తే మన పక్కనున్న భీమవరం గుర్తుకు రావాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని ఆయన బృందం 1945లో సాధించింది. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు బలిగొంది, ఆయనా ఆ జబ్బుతో బాధపడ్డారు. ఆ జబ్బుకే ఫోలిక్ ఆమ్లం మందుగా పనికొచ్చింది. ఈరోజు దేశమంతటా గర్భిణులకు ఇస్తున్న మాత్ర వెనుక మన జిల్లా మనిషి శ్రమ ఉంది. ఆ మాత్ర నీ చేతికి వచ్చినప్పుడు నిర్లక్ష్యం చేయకు.

ఇక తల్లి కడుపులో ఉన్నప్పటి పరిస్థితులు బిడ్డ మీద ఎంత కాలం నిలుస్తాయన్నది అసలు ప్రశ్న. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆహారం రాకుండా అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది. ఆ కరువులో కడుపున పడినవాళ్ల రక్తాన్ని సుమారు 60 ఏళ్ల తర్వాత పరీక్షించారు. ఎదుగుదలకు అవసరమైన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు, కరువు సోకని తమ తోబుట్టువులతో పోలిస్తే వాళ్లలో తక్కువగా ఉన్నాయి. 2008లో వచ్చిన ఆ ఫలితం లోకాన్ని ఆలోచింపజేసింది. కొద్ది నెలల ఆకలి గుర్తు అరవై ఏళ్ల ఒంట్లో ఇంకా కనిపించింది.

మన దేశం సంగతికి వస్తే, పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం తల్లులనూ బిడ్డలనూ ఏళ్ల తరబడి గమనించింది. అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. మన పిల్లలు సన్నగా పుడతారు, కండ తక్కువ, కానీ కొవ్వు ఆ తేడాకు తగ్గట్టు తగ్గదు. షుగరు వైపు మొగ్గు అక్కడే మొదలవుతుందని వాళ్ల అభిప్రాయం. గర్భంతో ఉన్నప్పుడు ఫోలేట్ బాగా ఉండి బి12 తక్కువైన తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణం ఎక్కువగా కనిపించింది. అందుకే ఫోలిక్ మాత్ర ఒక్కటి మింగేసి ఊరుకోకూడదు, బి12 చూసుకోవాలి. శాకాహారుల ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మన తెలుగు పల్లెల కథ వింటే నీకు ధైర్యం వస్తుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గర 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశోధన చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక వెయ్యిమందికి పైగా పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్‌కు శరీరం ఎదురుతిరిగే గుణం వాళ్లలో సుమారు 20 శాతం తక్కువ, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఆ పరిశోధన మిథైల్ గుర్తులను కొలవలేదు, కాబట్టి అంతా ఎపిజెనెటిక్స్ వల్లే అనలేం. కానీ తల్లికీ పసిబిడ్డకూ పెట్టిన పూటకింత తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో నిలిచినట్టే ఆ ఫలితాలు చెబుతున్నాయి. అక్కడ ఏ తల్లీ ఒంటరిగా తన బిడ్డ భవిష్యత్తు మార్చుకోలేదమ్మా. ఊరికి తిండి అందింది, బిడ్డలు బాగుపడ్డారు.

ఏడు తరాల మాటకు వస్తాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. అంటే మీ అమ్మ మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే, తర్వాత నువ్వుగా మారిన అండం కూడా అక్కడ ఉంది. మీ అమ్మమ్మ తిన్నదీ, పడిన కష్టమూ నిన్ను కూడా తాకి ఉండవచ్చనడానికి ఇదొక దారి. కానీ ప్రకృతి ఇంకో ఏర్పాటు కూడా చేసింది. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడిన తొలి రోజుల్లో మరోసారి, పాత గుర్తుల్లో చాలావరకు చెరిగిపోయి కొత్తగా పడతాయి. కొన్ని మాత్రమే తప్పించుకుంటాయి. అందుకే మనుషుల్లో ఈ గుర్తులు తరాల తరబడి దిగివస్తాయని ఇప్పటికి గట్టి రుజువు లేదు. 2015లో ఒక పరిశోధనలో, 50 తరాలు చాలీచాలని తిండితో పెంచిన ఎలుకల సంతానానికి, తర్వాత రెండు తరాలు మంచి తిండి పెట్టినా షుగరు మొగ్గు పోలేదని తేలింది. అది ఎలుకల సంగతి, పైగా 50 తరాల ఎడతెగని ఆకలి సంగతి. నువ్వొక పూట అన్నం మానేసినందుకో, ఆఫీసులో విసుక్కున్నందుకో ఏడు తరాలు పాడవుతాయని చెప్పే శాస్త్రం ఎక్కడా లేదు.

గుర్తులు తిరిగి సర్దుకుంటాయి కూడా. పొగ తాగేవాళ్ల రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తగ్గిపోతాయి. మానేశాక ఏళ్లు గడిచేకొద్దీ అవి మళ్లీ మామూలు స్థితి వైపు వస్తాయి. ఈ ఒక్క సంగతి అల్లుడుగారు మనసులో పెట్టుకుంటే చాలు. బిడ్డలో సగం ఆయనది. పొగ తండ్రి వీర్యకణాలను కూడా పాడుచేస్తుంది. సిగరెట్టు మానడం, బరువు తగ్గడం, రోజూ నడవడం ఆయన ఇప్పుడే మొదలుపెట్టాలి. బిడ్డను మోసేది నువ్వే గనక జాగ్రత్తలన్నీ నీవేనని ఎవరూ అనకూడదు.

షుగరు విషయం కూడా చెప్పి ముగిస్తాను. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు ఉంది. మన ఇంట్లోనూ ఉంది, కాదనను. జన్యువుల వల్ల కొంత వచ్చి ఉంటుంది. కానీ మనకు తాతల నుంచి వచ్చింది జన్యువులే కాదు. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, పొలం పని పోయినా తగ్గని అన్నం ముద్ద, భోజనం కాగానే కునుకు, ఇవీ వచ్చాయి. వీటిని మార్చడానికి ఏ పరీక్షశాలా అక్కర్లేదు.

ఇక నువ్వు చేయవలసినవి. బిడ్డ కోసం అనుకున్న రోజు నుంచే ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం కడుపున పడిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ గడువు చాలావరకు అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు, 12 వారాలు నిండేదాకా. నీకెంత కావాలో డాక్టరే చెప్పాలి. రక్తం, థైరాయిడ్, షుగరు, బి12 ముందే చూపించుకో. గర్భం వచ్చాక మొదటిసారి వెళ్లినప్పుడూ, మళ్లీ 24-28 వారాల మధ్యా గ్లూకోజు పరీక్ష తప్పించకు. మన ఇంటి చరిత్రకు అది చాలా ముఖ్యం.

తోటకూర, గోంగూర, బచ్చలి, పెసలు, మినుములు రోజూ ఏదో ఒకటి ఉండాలి. ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయకు, ఫోలేట్ వాటితోనే పోతుంది. వారానికి రెండు మూడుసార్లు తాజా చేప, రోజూ గుడ్డు, పాలు. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచు. సాయంత్రం ఇద్దరూ నడవండి. చాలినంత నిద్రపో. "గర్భంలోనే జన్యువులు మారుస్తాం" అని పొడులూ కోర్సులూ అమ్మేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకు. అలాంటి పొడి లోకంలో లేదు.

ఎవరైనా మళ్లీ వంశం మాట ఎత్తితే తలదించుకోకు. రేపు బిడ్డకు ఏ చిన్న నలత వచ్చినా "నేనేం చేశానో" అని నిన్ను నువ్వు నిందించుకోకు. జన్యువులు ఎవరూ ఎంచుకున్నవి కావు. తిండి, ఆదరణ, మంచి వైద్యం తల్లికి అందించడం భర్త పని, అత్తింటి పని, పుట్టింటి పని, ప్రభుత్వం పని. పురిటికి నువ్వు ఇక్కడికే రావాలి. నీ గది మీ అమ్మా నేనూ ఇప్పటినుంచే సిద్ధం చేస్తాం.

ఈ ఉత్తరం అందిన వారంలోనే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నువ్వు ఒక్కదానివే వెళ్లవద్దు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ