ఎదుగుదల అందరి గడపకూ చేరాలంటే



కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో నేడు 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. 2021 నుంచి విమానాలూ దిగుతున్నాయి. కానీ ఓర్వకల్లుకు మొదట పేరు తెచ్చింది 1990లలో పుట్టిన పేద మహిళల పొదుపు సంఘాలు. వారు రూపాయి రూపాయి కూడబెట్టి, తమలో తామే అప్పులిచ్చుకున్నారు.

పరిశ్రమతో ఊరు ఎదుగుతుంది. పేద ఇల్లు ఎదగాలంటే చేతిలో పెట్టుబడి, పనితనం ఉండాలి. దూది ఏకే పని తగ్గిపోయిన దూదేకుల కుటుంబాలు, కడప బండల గనుల కూలీలు, వానలేక అప్పులపాలైన రైతులు మనకు కొత్తవారు కారు.

జకాత్ రెండున్నర శాతమే. దానికి హక్కుదారులుగా ఖురాన్ (9:60) చెప్పిన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులూ ఉన్నారు. రంజాన్‌లో చీరగా ఇస్తే ఏడాదికి చిరుగుతుంది. అప్పు తీర్చి, కుట్టుమిషనో, ఐటీఐ ఫీజో ఇస్తే, నేడు పుచ్చుకున్న చేయే రేపు మనతోపాటు ఇస్తుంది.