రౌతు కొద్దీ గుర్రము
(కొత్తగా స్వారి నేర్చుకొనువారు గుర్రమును కొనునపుడు గమనింపవలసిన విషయములు)

పట్టణములలో జట్కాబండ్లు దాదాపు కనుమరుగైనవి. గుర్రముతో పనియున్న రైతులు నేడు కొలదిమందియే. అయినను మోటారు బండి ఎక్కలేని కొండదారులున్న విశాఖ మన్యములో, అనగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొందరు గిరిజన రైతులు నేటికిని గుర్రములను పెంచుచున్నారు. పసుపు, కాఫీ గింజలు, మిరియాలు సంతకు దించుటకును, బియ్యము, ఉప్పు ఇంటికి చేర్చుటకును అవి వారికి ఆధారము. ఇట్టి చోట్ల పనిచేయు ఉద్యోగులును ఒక్కొక్కప్పుడు గుర్రమెక్కవలసి వచ్చుచున్నది. ఎద్దును కొనుటలో ఆరితేరిన రైతు గుర్రము విషయమున పసివాడే. కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణము

ఒక కొండగ్రామపు యువ రైతు పసుపు అమ్మిన సొమ్ముతో సంతలో ఒక తెల్ల గుర్రమును కొనెను. అతడు అంతకుముందు గుర్రమెక్కి ఎరుగడు. గుర్రము ఎత్తుగా, నిగనిగలాడుచు, మెడ వంచి నిలిచి యుండెను. అమ్మకందారు దానిపై ఎక్కి చూపలేదు. "కుర్రవాడవు, నీకు తగిన ఉషారైన గుర్రము" అని మాత్రము చెప్పెను. అడుగుటకు యువకునికి మొగమాటమయ్యెను. ఇంటికి తెచ్చిన మూడవ దినమున ఎదురుగా మోటారు సైకిలు రాగా గుర్రము ముందు కాళ్లు లేపి నిలువున లేచెను. యువకుడు బండలపై పడెను. మెడక్రింది ఎముక విరిగెను. పసుపు త్రవ్వవలసిన కాలమంతయు అతడు మంచముపై గడపవలసి వచ్చెను.

గుర్రము చెడ్డదా? కొన్నవాడు తెలివి తక్కువవాడా? రెండును కావు. ఒకరికొకరు తగరు, అంతే. "రౌతు కొద్దీ గుర్రము" అను సామెతను మనము రౌతు సామర్థ్యమును పొగడుటకు వాడుచుందుము. కొనువారు దానిని ఇట్లు తెలిసికొనవలెను: రౌతు ఎంతవాడో చూచి, అంతకు తగిన గుర్రమునే కొనవలెను.

గుర్రము స్వభావము

గుర్రము పోట్లాడి బ్రదుకు జంతువు కాదు. పారిపోయి బ్రదుకు జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టునున్న వానిలో చాలభాగమును అది చూడగలదు. కాని సరిగా తన వెనుకనున్నదియు, నుదుటికి మిక్కిలి దగ్గరగా నున్నదియు దానికి కనబడవు. అందుచే వెనుకనుండి చప్పుడు చేయక పోయినవానిని అది చూడకయే తన్నును. ఎప్పుడును మాటాడుచు, ఎడమ భుజము వైపునుండి దానిని చేరవలెను.

కోపమో భయమో కలిగినపుడు గుర్రము ముందుగానే తెలుపును. చెవులు వెనుకకు అణచును; తోక విదిలించును; కంటి తెల్లగ్రుడ్డు చూపును; వెనుక కాలు ఎత్తి పెట్టును. ఈ గుర్తులు తెలియనివాడు గుర్రము "ఉన్నట్టుండి" తన్నినదని చెప్పుకొనును.

ప్రమాదకరమైన దుర్గుణములు

1. నిలువున లేచుట: అన్నిటికంటె ఇది ప్రమాదము. గుర్రము వెనుకకు పడినచో రౌతు దాని క్రింద నలిగిపోవును. ఈ గుణమున్న గుర్రమును కొత్తవారు ఎంత చవుకగా వచ్చినను కొనరాదు.

2. కళ్లెమునకు లొంగక దౌడు తీయుట: ఇరుకు కొండదారిలోను, మోటార్లు తిరుగు రోడ్డుపైనను ఇది ప్రాణాంతకము.

3. వెనుక భాగము ఎగురవేసి రౌతును విసరుట.

4. తన్నుట, కరచుట: ఇంటిలో చిన్నపిల్లలున్నవారు దీనిని మరింత గమనింపవలెను.

5. ప్రతి చిన్నదానికి బెదరుట. తోడి గుర్రములను విడిచి కదలక మొరాయించుట.

వీనిలో చాలవాటికి మూలము బాధ. దవడపండ్ల అంచులు పదునెక్కి బుగ్గలను కోయుచున్నచో గుర్రము కళ్లెము లాగినపుడెల్ల తల విసరును. కొలతకు సరిపోని జీను క్రింద వీపు పుండైనచో రౌతును దించుటకు చూచును. గిట్టల నొప్పి, ఇదివరకు తిన్న దెబ్బలు, పని లేక కట్టివేసి దాణా ఎక్కువ పెట్టుట మొదలగునవియు కారణములే. మగగుర్రము విత్తులు కొట్టిన గుర్రమంత నెమ్మదిగా నుండదు. ఆడగుర్రము దగ్గర నున్నపుడు దానిని పట్టుట అనుభవజ్ఞులకే కష్టము.

కొనుటకు ముందు పరీక్ష

సంతలో తొందరపడరాదు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా మాళేగాం జాతరవంటి చోట్ల గుర్రములు అనేకము అమ్మకమునకు వచ్చును. ఆ సందడిలో ఒక గుర్రము గుణము తెలియుట కష్టము. సాధ్యమైనంతవరకు అమ్మువాని ఇంటివద్దనే, చెప్పకుండ వెళ్లి చూడవలెను. మీరు వెళ్లునప్పటికే గుర్రము చెమట పట్టి అలసియున్నచో, మరియొకనాడు రావలెను. తల వ్రేలవేసి, క్రింది పెదవి జారవిడిచి, నడకలో తూలుచున్న గుర్రమునకు మత్తుమందు ఇచ్చి యుండవచ్చును. దానిని ఆనాడు బేరము చేయరాదు.

తరువాత ఈ వరుసను పాటింపవలెను:

బయట విడిచియున్న గుర్రమును యజమానినే పట్టుకొమ్మనవలెను. నాలుగు కాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తి చూపుమనవలెను. జీను వేయునపుడును, పొట్ట క్రింది పట్టీ బిగించునపుడును కరువవచ్చునేమో గమనింపవలెను. ముందుగా యజమాని ఎక్కవలెను. అతడు ఎక్కనన్నచో మీరును ఎక్కరాదు. పిమ్మట మీతో వచ్చిన అనుభవజ్ఞుడు ఎక్కవలెను. మీరు చివర ఎక్కవలెను. ఒంటరిగాను, తోడి గుర్రములతోను, మోటార్ల ప్రక్కను, వాగులోను, అనగా మీరు నిత్యము పోవలసిన దారివంటి దారిలోనే నడిపించి చూడవలెను. బరువు మోయవలసినదైనచో బరువు వేసియు చూడవలెను.

సుడులు చూచి ధర కట్టు ఆచారము మనలో కలదు. సుడిని బట్టి గుర్రము తన్నునో తన్నదో తెలియదు. పై పరీక్షయే దానిని తెలుపును.

వయస్సు

ముందరి పండ్లు చూచి వయస్సు తెలిసికొనవచ్చును. నడిమి రెండు శాశ్వత దంతములు సుమారు 2 1/2 యేండ్లకు, వాని ప్రక్కవి 3 1/2 యేండ్లకు, చివరివి 4 1/2 యేండ్లకు వచ్చును. 5 యేండ్లకు నోరు నిండును. క్రింది దంతములపై గుంటలు నడిమివానిలో 6వ యేట, ప్రక్కవానిలో 7వ యేట, చివరివానిలో 8వ యేట సుమారుగా అరిగిపోవును. కొత్తవారు నోరు నిండని పిల్లగుర్రమును కొనరాదు. "పిల్లవాడును గుర్రపుపిల్లయు కలిసి నేర్చుకొందురు" అనుట పొరపాటు. ఇద్దరిలో ఒకరికైనను పని తెలిసి యుండవలెను. పది యేండ్లు దాటి, అనేకులను మోసి, రోడ్డుకు అలవాటు పడిన నెమ్మదైన గుర్రము కొత్తవారికి మంచి గురువు.

పశువైద్యుని సలహా

బేరము కుదుర్చుకొనుటకు ముందు పశువైద్యునికి చూపవలెను. విశ్రాంతిగా నున్న పెద్ద గుర్రమునకు నాడి నిమిషమునకు 28 మొదలు 44 వరకు, ఊపిరి 8 మొదలు 16 వరకు నుండును. కండ్లు, నోరు, వీపు, గిట్టలు ఆయన పరీక్షించును. గ్లాండర్స్ వ్యాధి గుర్రములనుండి మనుష్యులకును సోకును. కావున ఆ వ్యాధి లేదని రక్తపరీక్ష ధ్రువపత్రము అడుగవలెను. నెమ్మదైన గుర్రము ఆకస్మికముగా కరువ మొదలిడి, చొంగ కార్చుచు, మ్రింగలేకయున్నచో పిచ్చికుక్క కాటు వలన వచ్చు వ్యాధి కావచ్చును. దాని నోటిలో చేయి పెట్టరాదు. ఎట్టి గుర్రము కరచినను గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చట్టము ఏమనుచున్నది?

గ్రామోద్యోగులు ఈ భాగమును రైతులకు చదివి వినిపింపగోరుచున్నాము. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములో 17వ సెక్షను క్రింద గుర్రపు బేరమునే ఉదాహరణముగా నిచ్చిరి. లోపమున్న గుర్రమును వేలములో అమ్మువాడు ఆ లోపము గురించి ఊరకున్నంత మాత్రమున అది మోసము కాదు. కాని కొనువాడు "నీవు కాదనకున్నచో ఈ గుర్రము సవ్యమైనదని నమ్మెదను" అని చెప్పినపుడు, తెలిసియు అమ్మువాడు మాటాడక ఊరకున్నచో ఆ మౌనము మాటతో సమానము. మొగమాటపడి అడుగనివాడు నష్టపోవుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

19వ సెక్షను మరియొక మాట చెప్పుచున్నది. మామూలు జాగ్రత్తతో నిజము తెలిసికొను వీలున్నపుడు, అమ్మువాని మౌనమును సాకుగా చూపి బేరమును రద్దు చేసికొనుటకు వీలుకాదు. అందుచే అడుగుటయు, చూచుటయు రెండును కావలెను.

కావున ఇద్దరు సాక్షుల ఎదుట అడిగి, రసీదులో ఈ విషయములు వ్రాయించుకొనవలెను: గుర్రము రంగు, గుర్తులు, వయస్సు, ధర, కరచుట, తన్నుట, నిలువున లేచుట, లొంగక పరుగెత్తుట లేవని అమ్మువాని మాట, కొత్తవారు ఎక్కుటకు కొనుచున్నారను సంగతి, ఎన్ని దినములలో తిరిగి ఇచ్చిన సొమ్ము వాపసు చేయునో ఆ గడువు. ఈ కాగితముపై సంతకము చేయుటకు వెనుదీయువాని గుర్రమును విడిచి రావలెను.

ఇదివరకే కొన్నవారు

మొదటి పని: ఎక్కుట మానవలెను. రెండవది: కొట్టరాదు, దెబ్బ భయమును పెంచును, భయము తన్నును పెంచును. మూడవది: పశువైద్యునికి చూపి బాధ యున్నదేమో తెలిసికొనవలెను. నాలుగవది: అనుభవమున్న గుర్రపువానికి అప్పగింపవలెను. స్వారి నేర్చునపుడు తలకు హెల్మెట్టు, మడమ గల జోడు ధరింపవలెను. రికాబులో పాదము ముందు భాగమునే ఉంచవలెను. పగ్గమును చేతికి, నడుమునకు చుట్టుకొనరాదు.

ఐదవది అన్నిటికంటె ముఖ్యము. పైన చెప్పిన యువకుడు గుర్రమును మరుసటి సంతలో తోలివేయ నిశ్చయించెను. ప్రక్క ఊరివాడొకడు తన కుమారునికై బేరమునకు వచ్చెను. అపుడు యువకుని తండ్రి "మనకు చెప్పనివాడు చేసిన పనియే మనమును చేసిన, రేపు ఆ బిడ్డ పడును" అని అడ్డుపడెను. వచ్చినవానికి ఉన్నది ఉన్నట్లు చెప్పి పంపివేసిరి. పశువైద్యుడు చూడగా బుగ్గల లోపల కోతలును, జీను క్రింద పాత పుండును కనబడెను. పండ్లు అరగదీసి, వీపు మానువరకు విశ్రాంతి నిచ్చిరి. పొరుగూరి ముసలి గుర్రపువాడు రెండు నెలలు నడిపించెను. ఇపుడది పసుపు బస్తాలు మోయుచున్నది. మనిషిని మాత్రము దానిపై ఎక్కించుట లేదు. యువకుడు వేరొకరి ముసలి గుర్రముపై స్వారి నేర్చుకొనుచున్నాడు.

"గుర్రము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అందురు. చెడ్డ గుర్రమునకును మంచి గుర్రమునకును మేపు ఖర్చు ఒక్కటే. కొనుటకు ముందు నాలుగు దినములు తిరిగి చూచుటకు అగు శ్రమ, ఒక ఎముక విరిగిన దానికంటె చాల తక్కువ. సందేహమున్నవారు బయానా ఇచ్చుటకు ముందే సమీప పశువైద్యశాలలో సలహా పొందగోరుచున్నాము.