కంప్యూటర్ మేలుకొలుపు

మీట నొక్కగానే కంప్యూటర్ తెరపై ఒక చిత్రం ప్రత్యక్షమవుతుంది. వెంటనే చిన్న స్వరమొకటి వినిపిస్తుంది. ఇవి కేవలం అలంకారాలు కావు. యంత్రం పనికి సిద్ధమైనదని తెలిపే సంకేతాలు.

1995లో వెలువడిన విండోస్ 95కు ప్రారంభ స్వరాన్ని కూర్చినవాడు ఆంగ్ల సంగీతకారుడు బ్రయాన్ ఈనో. కొద్ది క్షణాల ఆ నాదం కోసం ఆయన ఎనభైకి పైగా రూపాలు సిద్ధం చేశాడు. 2025లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానిని జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది.

విండోస్ 95 ప్రారంభ చిత్రంలో నీలాకాశం, తెల్లని మేఘాలు కనిపించేవి. దానిని మార్చుకొనే వీలుండేది. 320 × 400 చుక్కల కొలతతో, 256 రంగులలో బొమ్మను గీసి, ‘లోగో.సిస్’ అనే పేరుతో సి డ్రైవులో నేరుగా భద్రపరచితే, మేఘాలకు బదులుగా అదే కనిపించేది. ధ్వనుల మార్పు మరింత సులభం. కంట్రోల్ ప్యానెల్‌లోని ధ్వనుల విభాగంలో హెచ్చరికకు, సందేశ రాకకు వేరువేరు ‘వేవ్’ ఫైళ్లను ఎంచుకోవచ్చు. ఈ సౌకర్యం నేటి విండోస్‌లోనూ ఉన్నది.

అయితే ఇక్కడ విచక్షణ అవసరం. చూపులేని వ్యక్తికి ధ్వనియే తెర. పొరపాటును తెలిపే స్వరం స్థానంలో వినోదానికి హర్షధ్వానాన్ని ఉంచితే, పని చెడినదని ఆయన ఎట్లా గ్రహించగలడు? సొంత యంత్రంలో అభిరుచికి స్వేచ్ఛ ఉన్నది. పదిమంది వాడే గ్రంథాలయ యంత్రంలో ఇతరుల అవసరమే ప్రధానం.

అర్థాలు: నాదం = ధ్వని; విచక్షణ = మంచిచెడ్డలను గుర్తించే వివేకం; హర్షధ్వానం = సంతోషాన్ని తెలిపే ధ్వని.

ప్రశ్నలు
1. విండోస్ 95 ప్రారంభ చిత్రాన్ని ఎట్లా మార్చేవారు?
2. ‘చూపులేని వ్యక్తికి ధ్వనియే తెర’ – వివరించండి.