కోడి అరికాలి వాపు

ఉద్దేశం: పెరటికోళ్ల పాదాలకు వచ్చే వాపును సకాలంలో గుర్తించడం, వాపు స్వభావాన్ని బట్టి తగిన చికిత్స చేయించడం, నివారణోపాయాలను పాటించడం.

తెలుగు గ్రామాలలో పెరటికోళ్ల పోషణ సాధారణంగా గృహిణుల చేతిలోనే ఉంటుంది. గుడ్లు అమ్మగా వచ్చిన పైకం పిల్లల పుస్తకాలకు, ఆకస్మిక ఖర్చులకు అక్కరకు వస్తుంది. అటువంటి కోడి ఒకనాడు కుంటుతూ కనిపిస్తే, ఇక పనికిరాదని తలచి తక్కువ ధరకు అమ్మివేయడమో, కోయడమో జరుగుతుంది. దాని పాదాన్ని పైకెత్తి చూసేవారు అరుదు. చూసినట్లయితే, అనేక సందర్భాలలో కారణం అరికాలిలోనే కనిపిస్తుంది.

వ్యాధి కారణాలు

కోడి అరికాలి మధ్యభాగం మెత్తని దిండు వలె ఉండి శరీరభారాన్ని మోస్తుంది. ముల్లు, గాజుపెంకు, ఇనుపతీగ గుచ్చుకొన్నప్పుడు గాని, గరుకు నేలపై ఒరుసుకొన్నప్పుడు గాని అక్కడి చర్మం చిట్లుతుంది. ఆ గాయం ద్వారా సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశిస్తాయి. వాటిలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ముఖ్యమైనది. ఇట్లా ఏర్పడే వ్రణాన్ని బంబుల్‌ఫుట్ అంటారు. తడిసిన గూటిలో ఉండే కోళ్లకు, ఎత్తు నుండి దూకే బరువైన కోళ్లకు ఈ బాధ అధికం. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై రూపొందించిన వనరాజా కోళ్లు, అసీలు పుంజులు బరువైనవి కనుక వాటి పాదాలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. ఆహారంలో విటమిన్-ఎ, బయోటిన్ లోపించినా పాదాల చర్మం బలహీనపడుతుంది.

గుర్తించే విధానం

మొదట అరికాలి చర్మం ఎర్రబడి నునుపుగా కనిపిస్తుంది. తరువాత వాపు వచ్చి, తాకితే వెచ్చగా ఉంటుంది. వాపు నడుమ నల్లని పక్కు ఏర్పడుతుంది. ఉపేక్షిస్తే వ్యాధి స్నాయువులకు, ఎముకలకు వ్యాపిస్తుంది. అప్పుడు కోడి మేత మాని ఒకేచోట కూర్చుండిపోతుంది.

వాపులన్నీ ఒక్కటి కావు. కాలికి కట్టిన తాడో, చుట్టుకొన్న దారమో బిగిసినా పాదం ఉబ్బుతుంది. దానిని వెంటనే తొలగించాలి. కాలిపొలుసులు పైకి లేచి గరుకుగా మారితే అది సూక్ష్మమైన పురుగుల వల్ల కలిగే వ్యాధి. మూత్రపిండాలు చెడి కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకొన్నా కీళ్లు వాస్తాయి. అనేక కోళ్లకు ఒకేసారి కీళ్లవాపు వస్తే మైకోప్లాస్మా వంటి అంటువ్యాధిని అనుమానించాలి. కోళ్లు హఠాత్తుగా చనిపోతూ, తల ఉబ్బి, తురాయి నీలిరంగుకు మారి, కాళ్లపై ఎర్రని మచ్చలు కనిపిస్తే వాటిని తాకరాదు. బర్డ్‌ఫ్లూ కావచ్చు కనుక పశువైద్యాధికారికి తక్షణమే తెలియజేయాలి.

చికిత్స

గాయపడిన కోడిని వేరుచేసి పొడిగా, మెత్తగా ఉన్నచోట ఉంచాలి. చేతులకు తొడుగులు ధరించాలి. ఈ బాక్టీరియా మనుషులకూ సోకగలదు. వాపు స్వల్పంగా ఉన్నప్పుడు, ఎప్సమ్ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో పాదాన్ని 10 నుండి 15 నిమిషాలు ఉంచి, శుభ్రంగా తుడవాలి. పొవిడోన్ అయోడిన్ పూసి, రక్తప్రసరణకు అడ్డురాకుండా వదులుగా కట్టు కట్టాలి. రోజూ కట్టు మార్చాలి.

వాపును పిండడం, బ్లేడుతో కోయడం ప్రమాదకరం. పక్షుల చీము ద్రవంగా ఉండక జున్ను వలె గట్టిపడుతుంది. పిండితే బయటికి రాకపోగా, వ్యాధి మరింత లోతుకు వ్యాపించవచ్చు. నల్లని పక్కు పెద్దదైనా, కోడి కాలు మోపలేకపోయినా పశువైద్యుని ఆశ్రయించాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేయరాదు. వైద్యుడు మందు ఇస్తే, ఆయన చెప్పిన గడువు ముగిసేవరకు ఆ కోడి గుడ్లను, మాంసాన్ని తినరాదు, అమ్మరాదు.

నివారణ

కోళ్లు రాత్రి కూర్చునే కర్ర తక్కువ ఎత్తులో, నునుపుగా ఉండాలి. గూటిలో పరచిన వరిఊక తడిసిన వెంటనే మార్చాలి. పెరటిలోని మేకులు, గాజుపెంకులు ఏరివేయాలి. వారానికి ఒకసారి ప్రతి కోడి అరికాలిని పరిశీలించాలి. నల్లని పక్కు ఏర్పడకముందే వాపును గుర్తిస్తే సులభంగా నయమవుతుంది. ఆ కొద్ది నిమిషాల శ్రద్ధ మూగప్రాణి బాధను తగ్గిస్తుంది. పేద ఇంటి ఆదాయాన్ని నిలుపుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

పైకం = డబ్బు
ఒరుసుకొను = రాచుకొను
వ్రణం = పుండు
ఉపేక్షించు = నిర్లక్ష్యం చేయు
స్నాయువు = కండరాన్ని ఎముకతో కలిపే నరం వంటి భాగం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. కోడి అరికాలి వాపునకు కారణాలను, చికిత్సా విధానాన్ని వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కోడి పాదం ఏయే ఇతర కారణాల వల్ల ఉబ్బుతుంది?
2. వాపును పిండరాదని ఎందుకు చెప్పారు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బంబుల్‌ఫుట్‌కు ముఖ్య కారణమైన బాక్టీరియా ఏది?
2. కోడి అరికాలిని ఎన్నాళ్లకొకసారి పరిశీలించాలి?