‘ఒక్కసారి రికవరీ అయితే మానేస్తా’

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని. ఐపీఎల్ అప్పుడు సరదాగా వందా రెండొందలతో బెట్టింగ్ మొదలుపెట్టిన. ఇప్పుడు ఏ దేశం మ్యాచైనా ఆడుతున్న. టాస్‌కు ముందు ఐదొందలు దాటొద్దనుకుంట. వికెట్ పడి పైసలు పోంగనే ఒళ్లు మండి, రెట్టింపు పెడుత. లక్షా ఎనభై వేలు పోయినయ్. క్రికెట్ నాకు బాగా తెలుసు. పోయింది ఒక్కసారి వస్తే మానేస్త. అయితదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీకు క్రికెట్ తెలుసంటే నమ్ముతాను. వికెట్ పడ్డాక పందెం వేసేది మాత్రం మీ కోపం. ఓడినవాడికి పోయిందని ఒప్పుకోవడం కన్నా ఇంకా పోగొట్టుకునే సాహసమే తేలికనిపిస్తుందని మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు. పైగా ఇదివరకు మ్యాచ్‌కో పందెం, ఇప్పుడు ఓవర్‌కో పందెం. ఓవర్ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఆలోగా కోపం చల్లారదు, ఫోన్లో రేటు మాత్రం మారిపోతుంది. బెట్టింగ్ యాప్ వాడికి కావాల్సిందీ అదే.

పోయిందంతా వస్తే మానేస్తానంటున్నారు. జూదంలో పోయిందంతా ధర్మరాజుకు వచ్చింది కదా! ద్రౌపది వరాల పుణ్యమా అని ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చి పంపాడు. ఇల్లు చేరకముందే మళ్లీ పిలుపొస్తే ధర్మరాజు వెళ్లి ఆటలో కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో ఓడి తెచ్చుకున్నవే.

కాబట్టి లక్షా ఎనభై వేల లెక్క అక్కడితో మూసేయండి. మ్యాచ్ లేని రోజు పొద్దున్నే, మనసు కుదురుగా ఉన్నప్పుడే, బ్యాంకుకెళ్లి జీతం ఖాతాకు యూపీఐ తీసేయించండి. బెట్టింగ్ ఐడీ ఇచ్చినవాడి నంబరు, టిప్స్ గ్రూపులు ఆ పూటే తొలగించండి. మ్యాచ్ చూడాలనిపిస్తే నలుగురిలో టీవీలో చూడండి. ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి: కొన్నాళ్లు కలెక్షన్ కాకుండా వేరే పని ఇమ్మని మేనేజర్‌ను అడగండి. కంపెనీ సొమ్ము జేబులో ఉండగా వికెట్ పడితే, దాంతోనే ఆడి సాయంత్రానికి తిరిగి పెట్టేద్దాంలే అనిపిస్తుంది.

జూదవ్యసనం ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవడానికి సిగ్గెందుకు?

ప్రశ్న: మా తమ్ముడు బెట్టింగ్‌లో అప్పులపాలైండు. అమ్మ గాజులు కుదువపెట్టి వాని చేతికి పైసలిస్తనంటున్నది. ఇయ్యొచ్చా?
– ఒక అక్క, కాజీపేట

జవాబు: చేతికి మాత్రం ఇవ్వొద్దమ్మా. అది రాత్రికే రికవరీ పందెమవుతుంది. ఎవరికెంత బాకీయో అతనితోనే రాయించి, కట్టదలిస్తే అప్పిచ్చినవాళ్లకే నేరుగా కట్టండి. ఎవరో వచ్చి గెలిచిన సొమ్ము యాప్‌లో ఇరుక్కుంది, కొంత కడితే విడిపిస్తామంటే అసలే నమ్మొద్దు. పైగా మన తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ పందేలు నేరం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అలా విడిపిస్తామన్న మోసంలో పైసలు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అమ్మ ముందు, చుట్టాల ముందు అతన్ని నిలదీయకండి. అవమానం పాలైనవాడు మళ్లీ ఫోనే పట్టుకుంటాడు. ‘నేను బతికి ఏం లాభం’ అన్న మాట అతని నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కు అప్పటికప్పుడే ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు.