మారీచుని భయస్మృతి: ఒక పరిశీలన

వాల్మీకి రామాయణం అరణ్యకాండలో మారీచుడు రావణునికి చేసిన హితోపదేశాన్ని రామపరాక్రమ ప్రశంసగా బోధించడం పరిపాటి. అయితే 39వ సర్గలో అతడు చెప్పుకొన్నది ప్రశంసతో ముగిసేది కాదు. గాయపడిన మనస్సు తన స్థితిని తానే నివేదించుకొన్న మాటలవి.

మారీచునికి రాముని వలన రెండు ఆఘాతాలు తగిలాయి. విశ్వామిత్రుని యాగరక్షణ వేళ నూరు యోజనాల దూరాన సముద్రంలో పడినా అతని నడవడి మారలేదు. రెండవది దండకారణ్యంలో జరిగింది. ఇద్దరు రాక్షసులతో కలిసి మృగరూపం ధరించి, తాపసవేషంలో ఉన్న రామునిపైకి వెళ్లగా మూడు బాణాలు వెలువడ్డాయి. సహచరులిద్దరూ హతులైనారు. తానొక్కడే బ్రతికి బయటపడి తపోవృత్తిని ఆశ్రయించాడు.

అయినను శాంతి లభించలేదు. ప్రతి వృక్షంలోను నారచీరలు, కృష్ణాజినం, ధనుస్సు ధరించిన రాముడే కనిపిస్తాడు. రాముడు లేని చోటనే రాముని చూస్తాడు. కలలో చూచి ఉలికిపడతాడు. రథం, రత్నం వంటి రేఫాది శబ్దాలు సైతం అతనికి త్రాసహేతువులు. రాక్షసులు కోరుకొనే ఐశ్వర్యచిహ్నాలే ఇవి కావడం గమనార్హం. న్యాయసూత్రాలు స్మృతినిమిత్తాలను పరిగణిస్తూ సాదృశ్యాన్ని, భయాన్ని రెండింటినీ పేర్కొన్నాయి. మారీచుని యందు ఆ రెండూ కలిశాయి. సాదృశ్యం ఒక్క వర్ణానికి కుదించుకొనిపోయింది. ఆలంకారికుల లెక్కలో త్రాసం వ్యభిచారి, వచ్చి పోవలసినది. ఇక్కడ అది వచ్చి పోలేదు.

ఆఘాతానంతర మానసిక రుగ్మతకు అమెరికన్ మానసిక వైద్య సంఘం వర్గీకరణలో స్థానం లభించినది 1980లో. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దానికి మూడు ప్రధాన లక్షణాలు చెప్పింది: జరిగినది ఇప్పుడే జరుగుతున్నట్లు అనుభవించడం, దానిని గుర్తుచేసేవాటి నుండి తొలగిపోవడం, ముప్పు ఇంకా ఉన్నదన్న భావన. మారీచుని మాటలలో ఈ మూడింటి జాడలూ ఉన్నాయి. కావ్యపాత్రకు రోగనిర్ణయం చేయడం సాహిత్య విమర్శ పని కాదు; కవి లోకజ్ఞత ఎంత సూక్ష్మమైనదో తెలియడానికి మాత్రం ఈ పోలిక చాలును.

భాగవతంలో కంసుడు కూడ భయంతో సర్వత్ర కృష్ణునే చూచాడు. భాగవతకారుడు దానిని తన్మయత్వంగా, ముక్తిహేతువుగా గ్రహించాడు. ఆ దృష్టినే మారీచునిపై ఆరోపిస్తే అతని బాధ మరుగున పడుతుంది.

రావణుడు ఈ నివేదనను లక్ష్యపెట్టలేదు. వెళ్లకున్న చంపుతానన్నాడు. తీక్ష్ణశృంగాల క్రూరమృగం వేరు, వెండిచుక్కల బంగారులేడి వేరు. మృగశబ్దం రెండింటికీ చెల్లుతుంది. ఏ మృగరూపంలో ఉండగా తోడివారిని కోల్పోయాడో, మరల మృగరూపమే దాల్చి, చెట్టుచెట్టునా చూచి వణికిన ఆ రాముని ఆశ్రమం ముందరనే మారీచుడు సంచరించవలసి వచ్చింది.